లడఖ్ పోస్టుకి వెళ్ళే జవాను సంచీలోకి కత్తి, పనిముట్లు ఎంచిన తీరు: నా అనుభవం

మేనల్లుడికి తూర్పు లడఖ్ ఆర్డరు వచ్చాక వాడు నాకు వాట్సాప్‌లో ఒక జాబితా పంపాడు. పది అంగుళాల అలుగు, వీపు మీద రంపం పళ్ళు, పిడిలో దిక్సూచి ఉన్న కత్తి ఒకటి. మడత గొడ్డలి, రెండు టార్చిలు, మడత పార, ‘పద్దెనిమిది పనులు చేసే’ ఇనప కార్డు ముక్క. మడత గొడ్డలి, ఒక టార్చి అప్పటికే కొనేశాడు. మిగతావాటి బరువులు అమ్మకందారు పెట్టిన వివరాల్లోంచి రాసుకుని, ఉన్నవి వంటింటి తక్కెడ మీద పెట్టి కూడితే 2 కిలోల 640 గ్రాములు తేలింది. 15 వేల అడుగుల పైన రెండున్నర కిలోలంటే తమాషా కాదు. ఈఎంఈ (సైన్యం యంత్రాలు బాగుచేసే విభాగం) వర్క్‌షాపులో ఏళ్ళ తరబడి చేసినవాణ్ణని ఇంట్లో కుర్రాళ్ళు వెళ్ళేటప్పుడు ఈ పని నా మీదే పడుతుంది. మొత్తం 900 గ్రాములు దాటకూడదని ముందే హద్దు పెట్టుకుని కూర్చున్నాం.

కొనడానికి ముందు చెయ్యాల్సింది అడగడం. యూనిట్ ఏమిస్తుందో కనుక్కోవాలి. రైఫిల్‌తో బయొనెట్ వస్తుంది, శుభ్రం చేసుకోడానికి పుల్‌త్రూ (గొట్టంలోంచి లాగే తాడు), నూనె బుడ్డి, చిందీ (తుడిచే గుడ్డ పీలిక) వస్తాయి. పోస్టుని బట్టి మంచు గొడ్డలి, మంచు పార, చలి బట్టలు, బూట్లు అక్కడే ఇస్తారు. వాటికి జోడీ మోసుకెళ్ళడం దండగ. మడత పార అక్కడితోనే కొట్టుకుపోయింది. సొంత కత్తి ఉంచుకోవచ్చా, ఎంత పొడవు దాకా ఒప్పుకుంటారు అన్నది కంపెనీ హవల్దార్ మేజర్‌ని అడిగి తెలుసుకోమన్నాను. ఒక్కో యూనిట్‌ది ఒక్కో పద్ధతి. అడక్కుండా తీసుకెళ్తే అది బ్లాక్ ట్రంకులోనే పడుంటుంది, లేదంటే స్టోర్‌లో జమ అవుతుంది.

తర్వాత పోస్టులో రోజూ చేతికొచ్చే పనులు ఒక కాగితం మీద రాశాం. డబ్బాలు తెరవడం, అట్టపెట్టెల ప్లాస్టిక్ పట్టీలు కొయ్యడం, బిగుసుకుపోయిన జెర్రీకాన్ మూత తిప్పడం, కిరోసిన్ స్టవ్ నిపిల్ పొడవడం, బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) గొట్టం అతుకు బిగించడం, టార్పాలిన్ కన్నాలకి తాడు కట్టడం, చిరిగిన పిట్టూ (వీపు సంచీ) కుట్టడం, పట్టు తప్పిన జిప్పు సరిచెయ్యడం, టెలిఫోన్ తీగ పైపొర ఒలవడం, ఇసుక సంచీల మూతి కట్టడం, ఇలా మొత్తం పద్నాలుగు వచ్చాయి. వాటిలో కత్తి కావాల్సినవి ఐదు. కటింగ్ ప్లేయర్ కావాల్సినవి ఎనిమిది. ఆ లెక్క చూశాక వాడే ‘మామయ్యా, పెద్ద కత్తి తీసెయ్’ అన్నాడు. పోరాటానికి వాడి దగ్గర రైఫిల్ ఉంది. కత్తి ఉన్నది తాడూ, అట్టా, ఉల్లిపాయా కొయ్యడానికి.

కాబట్టి మొదటి డబ్బు మల్టీటూల్ (ప్లేయర్ పిడుల్లోనే కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివి మడిచి ఉండే పనిముట్టు) మీద పెట్టాలి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ముందు వెయ్యి రూపాయల లోపు దొరికేది ఒకటి పరీక్షకని తెచ్చాం. రెండు మిల్లీమీటర్ల ఇనప తీగ నొక్కగానే దవడ మొన విరిగింది. విరిగిన చోట చూస్తే గరుగ్గా, పంచదార పలుకుల్లా ఉంది. అది పోత లోహం. మామూలుగానే పెళుసు, చలిలో ఇంకా పెళుసవుతుంది. మంచిదాన్ని గుర్తుపట్టడానికి నేను చూసేవి ఇవి: దవడలు మూసి వెలుతురుకి పెడితే మొన దగ్గర సందు కనపడకూడదు. పిడులు పక్కకి ఊపితే కదలకూడదు. కత్తి తెరిచి లాక్ పడ్డాక వీపు వైపు నుంచి బొటనవేలితో గట్టిగా నొక్కితే వెనక్కి జారకూడదు. కట్టర్ రెండు వాదరలూ (పదునంచులు) మొదలు నుంచి చివరి దాకా ఒకే గీత మీద కలవాలి. కాగితం ముక్క పెట్టి నొక్కితే చిరగకుండా తెగాలి. ప్రసిద్ధ కంపెనీల పేరుతో నకిలీలు ఆన్‌లైన్‌లో విరివిగా ఉన్నాయి, సగం ధరకి కనిపిస్తే నమ్మొద్దు.

చివరికి పోటీ రెండిటి మధ్య మిగిలింది. లెదర్‌మన్ వేవ్ ప్లస్ 241 గ్రాములు, మూస్తే పది సెంటీమీటర్లు, అలుగు 7.4 సెంటీమీటర్లు. దాని కత్తి, పళ్ళ కత్తి, రంపం, ఆకురాయి నాలుగూ బయటి వైపున ఉంటాయి, ఒక్క చేత్తో తెరుచుకుంటాయి. కట్టర్ వాదరలు అరిగితే విప్పి కొత్తవి బిగించుకోవచ్చు. ఇబ్బంది ఎక్కడంటే, డబ్బా ఓపెనరూ స్క్రూడ్రైవరూ పిడి లోపల ఉంటాయి. ముందు ప్లేయర్ విప్పి, తర్వాత గోటితో లాగాలి. విక్టోరినాక్స్ స్విస్‌టూల్‌లో అన్నీ బయటి నుంచే వస్తాయి, పనితనం దానిదే ఓ మెట్టు పైన, కానీ చాలా భాగాలు గోటి గాడి పట్టుకుని లాగాల్సిందే. చేతికి తొడుగులున్నప్పుడు గోరు లేనట్టే. అందుకని వేవ్ తీసుకుని, డబ్బాల కోసం వంటింట్లో వాడే చిన్న ఓపెనర్ విడిగా ఒక తాడుకి కట్టాం. ఇరవై గ్రాములు కూడా లేదు, తొడుగులతోనే తిరుగుతుంది.

ఎంపికకి ఆధారమైన పరీక్ష ఇంట్లో ఫ్రిజ్‌లోనే చేసుకోవచ్చు. ఫ్రీజర్ గడి సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. మల్టీటూల్, కత్తి, తల లైటు, ఇన్సులేషన్ టేపు, ప్లాస్టిక్ జిప్ టైలు ఒక రాత్రంతా అందులో పెట్టి, పొద్దున్న ఉన్ని తొడుగు మీద మరో మందపాటి తొడుగు వేసుకుని ఒక్కోటీ తీసి వాడి చూశాం. మల్టీటూల్ తెరుచుకుంది గానీ బంక పట్టినట్టు నెమ్మదిగా. టేపు కర్రలా బిగిసింది, అంటుకోలేదు. జిప్ టై లాగిన చోట పుటుక్కున తెగింది. మామూలు ఆల్కలైన్ సెల్స్ వేసిన లైటు మసకబారింది. ఈ నాలుగూ ఇక్కడ తెలిస్తే పోయేది ఏమీ లేదు, అక్కడ తెలిస్తే రాత్రి పాడవుతుంది.

మల్టీటూల్ ఎందుకు నెమ్మదించిందంటే నూనె. మన ఇళ్ళల్లో తలుపు బందుకైనా కత్తెరకైనా కొబ్బరినూనె పూసే అలవాటు. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, హైదరాబాద్ చలికాలంలోనే సీసాలో తెల్లగా పేరుకుంటుంది. వాడి అమ్మ మంచికని కొత్త టూల్‌కి అదే పూసింది. గ్రీజు కూడా అంతే. కీళ్ళన్నీ కిరోసిన్‌లో పాత టూత్‌బ్రష్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలో ఆరబెట్టాం. ఆ తర్వాత ఒక్కో కీలుకి కుట్టుమిషన్ నూనె ఒకే చుక్క వేసి, పది సార్లు తెరిచి మూసి, మళ్ళీ పొడిగుడ్డతో దాదాపు ఏమీ మిగలనంతగా తుడిచేశాం. ఇంకా చలి చోట్లకి పెన్సిల్ ములుకు పొడి మేలు, అది గడ్డకట్టదు. ఈ కడగడం ఇంటి దగ్గరే అయిపోవాలి. అక్కడ సున్నాకి దిగువన ఉన్న కిరోసిన్ గడ్డకట్టదు కదా, ద్రవంగానే వట్టి చేతి మీద పడి చర్మాన్ని కొరికేస్తుంది.

వట్టి ఇనుము పట్టుకోవడం కూడా అంతే ప్రమాదం. అందుకే మల్టీటూల్ పిడుల వెలుపలి వైపు, కదిలే భాగాలకి అడ్డం రాకుండా, గుడ్డ టేపు ఒక్క వరస అంటించాం. దానికి 45 సెంటీమీటర్ల తాడు కట్టి, రెండో కొస బెల్టుకి ముడేయమన్నాను. మంచులో జారిపడ్డ పనిముట్టు కనపడదు, వేసవి వస్తే గానీ బయటపడదు. తాడు రంగు మాత్రం యూనిట్‌ని అడిగి వేసుకోవాలి. ఎర్రది దొరకడం సులువు, కానీ ఆ రంగు అందరూ ఒప్పుకోరు.

ఇక కత్తి. మడతది కాకుండా ఒకటి ఉండాలని వాడి కోరిక, నాకు అభ్యంతరం లేదు, కానీ నాలుగు అంగుళాల చుట్టుపక్కలే ఉండాలన్నాను. పిడి బోలుగా ఉండి అందులో దిక్సూచి, గాలం దాచే రకం చూడ్డానికి సినిమా కత్తి. అలుగు పిడిలోకి అర అంగుళమే దిగుతుంది, నాలుగు దెబ్బలకి ఊడుతుంది. వీపు మీది రంపం పళ్ళు కొయ్యవు, ఒరని మాత్రం చీల్చేస్తాయి. మేం తీసుకున్నది స్వీడన్ మోరా కంపానియన్, స్టెయిన్‌లెస్ రకం. అలుగు 10.4 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు, ఒరతో కలిపి నూట ఇరవై గ్రాముల లోపే. పిడి రబ్బరు తరహాది కాబట్టి చలికి చెయ్యి అంటుకోదు. ధర తక్కువ, పోయినా ఏడవక్కర్లేదు. దీని లోపం కూడా చెప్పాలి. అలుగు పిడి చివరి దాకా వెళ్ళదు, కాబట్టి సుత్తిలా వాడకూడదు. వాదర బాగా పల్చన, గడ్డకట్టిన మాంసం ఎముక మీద కొడితే పెచ్చు లేస్తుంది. కార్బన్ ఉక్కు కత్తి పదును సులువుగా తేలుతుందని కొందరు ఎగబడతారు. లడఖ్ పొడి గాలికి పరవాలేదు గానీ బుఖారీ గదిలోకీ బయటకీ తిరిగే కత్తికి మాత్రం కాదు.

ఎందుకంటే తుప్పు అక్కడ వానవల్ల రాదు. మైనస్ ఇరవైలో ఉన్న లోహాన్ని వెచ్చటి గదిలోకి తేగానే గాలిలోని తేమంతా దాని మీద చెమటలా పడుతుంది. మళ్ళీ బయటికి తీసుకెళ్తే ఆ చెమట కీలు లోపలే గడ్డకట్టి టూల్ తెరుచుకోదు. దీనికి మందు ఒక పాలిథిన్ కవరు. బయట ఉండగానే అందులో వేసి మూతి బిగించి లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు. తేమ కవరు మీద పడుతుంది, లోపలిది పొడిగా ఉంటుంది.

చట్టం సంగతి చాలామంది చివర్లో గుర్తుచేసుకుంటారు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు గానీ 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉన్న అలుగు ఆయుధాల పట్టికలోకి వస్తుంది. ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనులకి చేసినవి వేరు. మేనల్లుడి పది అంగుళాల కత్తి నేరుగా ఆ గీత దాటేది. బటన్ నొక్కితే టక్కున తెరుచుకునే చాకు అసలే వద్దు. వాటి మీద ఢిల్లీలో 1980 నుంచీ విడిగా నోటిఫికేషన్ ఉంది, అక్కడ పొడవు హద్దు 7.62 సెంటీమీటర్లే. రైలు దిగేది ఢిల్లీలోనే అయితే సంచీలో అదొక తలనొప్పి.

పదును గురించి కొంచెం ఆగి చెప్తాను, ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. కొత్త కత్తికి ఫ్యాక్టరీ పదును ఉంటుంది, దాన్ని మొండి చేసి, మళ్ళీ నూరడం నేర్పించే పంపాలి. అందుకోసం అట్టపెట్టెలు రెండు కోయించాను. అట్టలో ఇసుక ఉంటుంది, ఉక్కుని బాగా తినేస్తుంది. తర్వాత అరచెయ్యంత రాయి, ఒక వైపు గరుకు, ఒక వైపు మెత్తన. మల్టీటూల్ కత్తికి కోణం సుమారు 20 డిగ్రీలు ఉండాలి. దీన్ని కంటితో కొలవడం కష్టం కాబట్టి ఒక లెక్క: అలుగు వెడల్పు 20 మిల్లీమీటర్లయితే వీపు రాయి నుంచి 7 మిల్లీమీటర్లు లేచి ఉండాలి. అంత మందం చెక్కముక్క వీపు కింద ఒకసారి పెట్టి చూసుకుంటే చేతికి ఆ ఎత్తు తెలిసిపోతుంది. ఒక వైపే నూరుతూ, రెండో వైపు వేలితో తడిమితే సన్నటి పొర లేచినట్టు గీరుకోవాలి. అది మడమ నుంచి మొన దాకా లేవకపోతే నూరడం పూర్తి కానట్టే. అప్పుడు కత్తి తిప్పి రెండో వైపు అంతే. ఆపైన మెత్తటి వైపున ఒక్కో వైపుకి పది రుద్దులు, బరువు తగ్గిస్తూ. చివరగా పాత తోలు బెల్టు లోపలి వైపున వాదరని వెనక్కి లాగుతూ ఇరవై సార్లు. కుర్రాళ్ళు చేసే తప్పు పొర లేవకముందే వైపు మార్చడం. గంట నూరినా మొండిగానే ఉంటుంది, రాయిని తిట్టుకుంటారు.

మోరాకి ఈ చెక్కముక్క లెక్క పనికిరాదు. దాని వాలు వెడల్పుగా ఉంటుంది, ఆ వాలునే రాయి మీద పడుకోబెట్టి నూరాలి. అయితే చలిచోటుకి వెళ్తుంది గనక చివర్లో వీపు కొంచెం లేపి మూడేసి రుద్దులు వేశాం. దానితో వాదర కాస్త బలిసి పెచ్చు లేవడం తగ్గుతుంది. రాయి మీద నీళ్ళు పోసే అలవాటు ఇక్కడే వదలమన్నాను, అక్కడ నీళ్ళు గడ్డకడతాయి. పొడిగానే నూరి రాయిని గుడ్డతో దులుపుకోవాలి. పళ్ళ కత్తి జోలికి మాత్రం వెళ్ళొద్దు, బల్లపరుపు రాయితో అది నూరితే పళ్ళు పోతాయి.

టార్చిలు రెండూ తీసేసి తల లైటు ఒకటే పెట్టాం. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఎర్రటి కాంతి ఉండాలి. రాత్రి తెల్ల లైటు వేస్తే సుబేదార్ సాబ్ ఊరుకోరు. మూడు ట్రిపుల్ ఏ సెల్స్‌తో నడిచేదే చూసి కొన్నాం, ఎందుకంటే ఛార్జింగ్ బ్యాటరీని సున్నా కన్నా కింద ఛార్జ్ చేస్తే చెడిపోతుంది. వీటిలోకి ఒకసారి వాడే లిథియం సెల్స్ వేశాం, ఎనర్జైజర్ లిథియం మైనస్ 40 దాకా పనిచేస్తుంది, ఆల్కలైన్ కన్నా తేలిక కూడా. లైటుతో వచ్చిన కాగితంలో లిథియం సెల్స్ వాడొచ్చని ఉందో లేదో మాత్రం చూసుకోవాలి. వాటి వోల్టేజి మొదట్లో కాస్త ఎక్కువ, కొన్ని లైట్లు తట్టుకోవు.

చిల్లర సామాను చిన్న గుడ్డ సంచీలో పడేశాం, నిజానికి బంగారం ఇక్కడుంది. జిప్ టైల బదులు ఐదు మీటర్ల బైండింగ్ వైరు, మేస్త్రీలు వాడేదే, పద్దెనిమిదో గేజ్, నలభై అయిదు గ్రాములు. చలికి తెగదు, బుఖారీ వేడికి కరగదు. గోనెసంచీలు కుట్టే దబ్బనం ఒకటి, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన మైనం పూసిన నైలాన్ దారం పదిహేను మీటర్లు. పిట్టూ పట్టీ తెగితే దబ్బనాన్ని ప్లేయర్‌తో పట్టి తొయ్యాలి, వేలితో కాదు. పది మీటర్ల పారాచూట్ తాడు, సుమారు డెబ్భై గ్రాములు. గుడ్డ టేపు మూడు మీటర్లు, పెన్సిల్‌కి చుట్టి. కిరోసిన్ స్టవ్ పిన్నులు పది, పంపు తోలు వాషర్లు రెండు. మన అమ్మమ్మల పంపు స్టవ్ తెలిసినవాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు. నిపిల్‌లో మసి చేరితే మంట పసుపు పచ్చగా పొగలు కక్కుతుంది, తోలు వాషర్ ఎండితే ఎంత కొట్టినా గాలి ఎక్కదు. సగం కొవ్వొత్తి ముక్క కూడా వేశాం, జిప్పు పళ్ళ మీద రుద్దడానికి. జిప్పు మూసినా వెనక నుంచి విచ్చుకుపోతుంటే తప్పు పళ్ళది కాదు, స్లైడర్‌ది. ప్లేయర్‌తో దాని రెండు పక్కలా వెనక అంచుని వెంట్రుకవాసి నొక్కితే మళ్ళీ పడుతుంది. ఎక్కువ నొక్కితే విరుగుతుంది, అప్పుడు కోటు మొత్తం దండగ.

అన్నీ తక్కెడ మీద పెడితే 870 గ్రాములు.

విమానంలో లేహ్ వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది: పదునైనవీ, మల్టీటూలూ లగేజీలో వెళ్ళాలి, చేతిసంచీలో కాదు. విడి లిథియం సెల్స్, పవర్‌బ్యాంకు తలకిందులు, అవి చేతిసంచీలోనే ఉండాలి. లైటరూ అగ్గిపెట్టే రెండిట్లోనూ కుదరవు, అక్కడే కొనుక్కోవాలి. మోరా మొనకి సీసా నుంచి తీసిన కార్క్ గుచ్చి, ఒరకి టేపు చుట్టాం, లగేజీ సోదా చేసేవాళ్ళ చేతికి తగలకుండా.

పైకి వెళ్ళేముందు శరీరం అలవాటు పడడానికి మెట్లు మెట్లుగా ఆపుతారు: 9 నుంచి 12 వేల అడుగుల మధ్య ఆరు రోజులు, 15 వేల దాకా నాలుగు, ఆపైన మరో నాలుగు. మొదటి రోజుల్లో విశ్రాంతే కాబట్టి ఖాళీ దొరుకుతుంది. అప్పుడే ప్రతి పనిముట్టూ తొడుగులతో చీకట్లో ఒకసారి తెరిచి చూసుకోమన్నాను. అక్కరలేదనిపించింది అక్కడే ట్రంకులో వదిలెయ్యొచ్చు.

పోస్టింగు ఈశాన్యం అయితే ఈ సంచీ ఇలాగే తీసుకెళ్ళకండి. అక్కడ శత్రువు చలి కాదు, తేమ. స్టెయిన్‌లెస్ తప్పనిసరి, తోలు ఒర బూజు పట్టి కత్తిని తినేస్తుంది, నూనె పల్చగా కాక దండిగా పుయ్యాలి. పొదలు కొట్టడానికి అక్కడివాళ్ళు వాడే దావ్ అనే పెద్ద కత్తి ముందు మనం తీసుకెళ్ళే ఏ కత్తీ నిలవదు.

మూడు నెలల తర్వాత ఫోన్‌లో వాడు చెప్పింది: ప్లేయర్ రోజూ, డబ్బా ఓపెనర్ రోజూ, దబ్బనం వారానికోసారి. రంపం ఒక్కసారి కూడా తియ్యలేదు. మోరా లంగర్‌లోనే ఉండిపోయింది, వంటాయన వదలడం లేదట. ఒకటి చెడింది: ఎవరో అడిగి తీసుకుని మల్టీటూల్ కత్తి మొనతో చెక్కపెట్టె మూత పెకలించాడు, మొన మూడు మిల్లీమీటర్లు పోయింది. పెకలించే పని మా కాగితం మీది పద్నాలుగులో లేదు, అది నా పొరపాటు. ఆరంగుళాల బల్లపరుపు స్క్రూడ్రైవర్ ఒకటి మొదటే పెట్టాల్సింది. మొనని ఆకురాయితో వీపు వైపు నుంచి కిందికి అరగదీసుకోమన్నాను. వాదర వైపు నుంచి అరిగిస్తే పదునున్న భాగం తగ్గిపోతుంది.

రెండో పార్శిల్‌కి వాడు అడిగినవి: స్క్రూడ్రైవర్, స్టవ్ పిన్నులు ఇరవై, బైండింగ్ వైరు ఇంకో ఐదు మీటర్లు. ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాకి ప్రైవేటు కొరియర్లు వెళ్ళవు కాబట్టి పోస్టాఫీసులోనే కట్టించాను. సెల్స్ పార్శిల్‌లో పెట్టలేదు. సెలవు నుంచి తిరిగి వెళ్ళే వాడి జతగాడి చేతికిచ్చి, చేతిసంచీలో తీసుకెళ్ళమన్నాను.